పావు రతల్ పాదరసం



ఇది తారీఖీ మజ్మూనే గానీ, నా గలతీతో మొదలవుతుంది. కొన్నేళ్ల కిందట మా ఊళ్లో ఒక బడి సాలానా జల్సాకి నన్ను పిలిచి నాలుగు మాటలు చెప్పమన్నారు. ముందు వరసల్లో పిల్లలు, వెనక వాళ్ల అమ్మీలు, అబ్బాలు. ఆ జోష్‌లో గొంతెత్తి రెండు దావాలు చేశాను. ఒకటి: డాల్టన్ 1808లో అచ్చువేసిన పరమాణు సిద్ధాంతాన్ని వెయ్యేళ్ల కిందటే మనవాళ్లు చెప్పేశారు. రెండు: లవోయిజేకి ఎనిమిది వందల ఏళ్ల ముందే అందులుస్‌లో మస్లమా అనే హకీం ద్రవ్యనిత్యత్వ నియమాన్ని పాదరసంతో రుజువు చేశాడు. చప్పట్లు బాగానే పడ్డాయి. తర్వాత ఆ మాటలనే రాసి పదిమందికీ పంపాను కూడా.

ఈమధ్య మా చిన్నమ్మాయి తొమ్మిదో తరగతి పరమాణువుల పాఠం చదువుకుంటూ ఆ పాత రాతని నా ముందు పెట్టింది. "అబ్బా, మీ లెక్క కుదరడం లేదు" అంది. పుస్తకంలో పట్టిక చూపించింది. పాదరసం పరమాణు భారం సుమారు 200. ఆక్సిజన్‌ది 16. పాదరసం కాలి ఎర్రపొడి అయిందంటే ఒక్కో పాదరసం పరమాణువుకి ఒక్కో ఆక్సిజన్ పరమాణువు కలిసినట్టు. "అంటే 200 గ్రాముల పాదరసం 216 గ్రాముల పొడి అవ్వాలి కదా! నూటికి ఎనిమిది పెరగాలి. మీ హకీం సాబ్ బరువు ఏమీ మారలేదన్నారని రాశారు. మారలేదంటే నియమం రుజువైనట్టా, తప్పినట్టా?"

నాకు జవాబు రాలేదు. జల్సాలో చప్పట్లు కొట్టిన ఆ పిల్లలందరూ గుర్తొచ్చారు. వాళ్లలో ఎవరైనా ఆ మాటని పరీక్షలో రాశారేమో, ఎవరితోనైనా బహస్‌కి దిగి నవ్వులపాలయ్యారేమో. ఆ తర్వాత కొన్ని వారాలు కూర్చుని చదివాను. చదివింది ఇక్కడ రాస్తున్నాను. ఇది నా పాత మాటలకి ఇస్లాహ్ అనుకోండి.

చెప్పు మీద చీమ

మొదటి దావాలో సగం నిజం ఉంది. 9వ శతాబ్దంలో బస్రా, బగ్దాద్‌లలో ఇల్మె కలాం చదివినవాళ్లు ప్రపంచం దేంతో తయారైందని గట్టిగానే వాదించుకున్నారు. ముఅతజిలాలలో పెద్ద ఉస్తాద్ అబుల్ హుజైల్ అల్లాఫ్. ఆయన మాట ఏమిటంటే, ఏ వస్తువునైనా ముక్కలు చేసుకుంటూ పోతే ఒకచోట ఆగాలి. ఇక తెగని ఆ ముక్కకి "జుజ్ లా యతజజ్జా" అని పేరు. అంటే భాగాలు కాని భాగం. దాన్నే "జౌహర్ ఫర్ద్" అని కూడా అన్నారు.

ఆయన మేనల్లుడు, షాగిర్ద్ కూడా అయిన నజ్జామ్ దీన్ని ఒప్పుకోలేదు. ఎంత చిన్న ముక్కనైనా ఇంకా తుంచవచ్చు, దానికి అంతు లేదు అన్నాడు. అప్పుడు చీమ సవాల్ వచ్చింది. ఒక చీమ చెప్పు మీద ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తోంది అనుకుందాం. చెప్పులో అంతులేనన్ని భాగాలు ఉంటే, ఒక్కోదాన్నీ దాటుకుంటూ చీమ ఎన్నటికి అవతలికి చేరుతుంది? కానీ చేరుతోంది కదా! నజ్జామ్ దీనికి "తఫ్రా" అనే జవాబు ఇచ్చాడు. చీమ అన్ని భాగాలనూ తాకుతూ పోదు, మధ్యలో కొన్నింటిని దూకేస్తుంది అని. అవతలి పక్షం ఈ దూకుడు మాటని చాలాకాలం ఎగతాళి చేసింది.

తర్వాత అష్అరీ (వఫాత్ 936 ప్రాంతం), ఆయన దారిలో బాఖిల్లానీ (వఫాత్ 1013) ఈ జౌహర్ మాటని ఇంకా గట్టిపరిచారు. ఇబ్నె సీనా మాత్రం తెగని ముక్క అనేది అసాధ్యమని దలీళ్లతో తిప్పికొట్టాడు. అంటే "మనవాళ్లు" అందరూ ఒకే మాట మీద లేరు. పరమాణువు ఉందన్నవాళ్లూ మనవాళ్లే, లేదన్నవాళ్లూ మనవాళ్లే. పైగా తెగని ముక్క అనే ఊహ మొదట పుట్టింది బస్రాలోనూ కాదు. గ్రీకులో డెమోక్రిటస్, మన దేశంలో కణాదుడి వైశేషికం అంతకు చాలా ముందువి.

అసలు తేడా ఇంకా లోతుగా ఉంది. అష్అరీల జౌహర్లన్నీ ఒకే రకం. బంగారం జౌహరూ మట్టి జౌహరూ జౌహర్‌గా ఒకటే. రంగు, రుచి, వేడి, కదలిక అన్నీ పైనుంచి వచ్చి చేరే "అరజ్"లు. ఖుదా ప్రతి క్షణం వాటిని కొత్తగా పుట్టిస్తాడు కాబట్టే లోకం నిలబడి ఉందని చెప్పడం వాళ్ల ఉద్దేశం. అది అఖీదాకి సంబంధించిన బహస్. ఒక శరీరం కావాలంటే కనీసం ఎన్ని జౌహర్లు కలవాలి అని కూడా వాదించుకున్నారు. అబుల్ హుజైల్ ఆరు అన్నాడు, ఎనిమిది అన్నవాళ్లూ ఉన్నారు. కానీ ఒక జౌహర్ బరువెంత, ఇనుము జౌహర్ కన్నా సీసం జౌహర్ ఎంత బరువు అనే సవాల్ అక్కడ లేవలేదు. లేవడానికి ఆ సిద్ధాంతంలో చోటు లేదు. అన్నీ ఒకే రకం అన్నాక ఏది బరువు, ఏది తేలిక?

డాల్టన్ మాట సరిగ్గా దీనికి ఎదురు. ఒక్కో మూలకానికి ఒక్కో రకం పరమాణువు, ఒక్కో రకానికి ఒక్కో బరువు. ఆ బరువులోనే ఆయన సిద్ధాంతం ప్రాణం ఉంది. కాబట్టి డాల్టన్ చెప్పింది మనవాళ్లు ముందే చెప్పారన్న నా దావా తప్పు. వాళ్లు వేరే సవాల్‌కి వేరే జవాబు చెప్పారు. ఆ జవాబులో ఫిక్ర్ ఉంది, పదును ఉంది. దాన్ని దానిగానే గౌరవించాలి.

తరాజు ఉంది, కానీ

తూకం మనవాళ్లకి తెలియదా అంటే బాగా తెలుసు. ఖాజినీ 1121లో "మీజానుల్ హిక్మా" అనే కితాబు రాశాడు. నీళ్లలో ముంచి తూచే తరాజుతో లోహాల సాంద్రతని పట్టుకోవడం, బంగారంలో వెండి కలిపారా అని తేల్చడం అందులో ఉంది. అంతకు ముందే అల్ బీరూనీ లోహాల, రత్నాల సాంద్రతలు కొలిచాడు. మనం ఫఖర్‌గా చెప్పుకోవాల్సిన పని ఇది. కానీ వాళ్లు తూచింది ఉన్న వస్తువుని. ఒక వస్తువు ఇంకో వస్తువుగా మారేటప్పుడు ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్న లెక్క వేరు.

జాబిర్ బిన్ హయ్యాన్ పేరుతో ఉన్న కితాబుల్లో "ఇల్మె మీజాన్" అని పెద్ద భాగమే ఉంది. పేరు చూసి నేనూ మోసపోయాను. ఆ మీజాన్ చాలావరకు అక్షరాల లెక్క. వస్తువు పేరులోని హర్ఫ్‌లకి అంకెలు ఇచ్చి, అందులో వేడి ఎంత, చలువ ఎంత, తడి ఎంత, పొడి ఎంత అని తేల్చే పద్ధతి. ఆ కితాబుల్లో బట్టీ పట్టడం, ఉప్పులు తయారుచేయడం లాంటి చేతిపని గొప్పది. మీజాన్ మాత్రం మనం అనుకునే తరాజు కాదు.

ఇక పాదరసం సంగతి. "రుత్బతుల్ హకీం" అనే అందులుస్ కితాబు చాలాకాలం మస్లమా మజ్రీతీ పేరు మీద చెలామణీ అయింది. అది మస్లమా బిన్ ఖాసిం ఖుర్తుబీ (వఫాత్ 964) రాసిందని ఇప్పటి పరిశోధకులు అంటున్నారు. చూశారా, నేను పేరు కూడా సరిగ్గా విచారించలేదు. ఆయన గుడ్డు ఆకారం గాజుపాత్రలో పావు రతల్ పాదరసం పోశాడు. దాన్ని ఇంకో పాత్రలో పెట్టి, సన్నటి సెగ మీద రాత్రీపగలూ 40 రోజులు ఉంచాడు. తెరిచి చూస్తే పాదరసం అంతా మెత్తటి ఎర్రపొడి అయింది. బరువు మాత్రం ముందు ఎంతో అంతే ఉందని రాశాడు.

10వ శతాబ్దంలో ఒక మనిషి మార్పుకి ముందు ఎంత, తర్వాత ఎంత అని పట్టించుకోవడం మామూలు విషయం కాదు. అది ఆయనకి దక్కాల్సిన ఇజ్జత్. కానీ మా అమ్మాయి అడిగినట్టు, బరువు మారకపోవడమే అక్కడ చిక్కు. పాదరసం గాలిలోంచి ఆక్సిజన్ తీసుకుంటేనే ఎర్రపొడి అవుతుంది. కాబట్టి పొడి నూటికి ఎనిమిది దాకా బరువెక్కాలి. నలభై రోజుల సెగలో కొంత పాదరసం ఆవిరైపోయి ఆ పెరుగుదలని కప్పేసి ఉండొచ్చు, లేదా తూకం అంత సన్నటిది కాకపోవచ్చు. ఎలా చూసినా అది ద్రవ్యనిత్యత్వానికి రుజువు కాదు. లెక్కలో గాలి లేదు.

పన్నెండు రోజుల కొలిమి

పారిస్‌లో లవోయిజే అదే పాదరసాన్ని, అదే ఎర్రపొడిని తీసుకున్నాడు. 1789లో అచ్చయిన తన కితాబులో ఆ ప్రయోగం వివరంగా రాశాడు. వంపు తిరిగిన పొడవాటి మెడ ఉన్న గాజుపాత్రలో 4 ఔన్సుల పాదరసం పోశాడు. పాత్రలో, దానికి కలిపిన గాజుగంటలో కలిపి 50 ఘనపు అంగుళాల గాలి ఉంది. ఆ గాలి బయటికి పోదు, బయటి గాలి లోపలికి రాదు. 12 రోజులు కొలిమి ఆరకుండా చూసుకున్నాడు. పాదరసం పైన ఎర్రటి పొరలు తేలాయి. చల్లార్చి చూస్తే గాలి 42, 43 ఘనపు అంగుళాలకి తగ్గింది. మిగిలిన గాలిలో దీపం ఆరిపోయింది, ప్రాణి బతకలేదు.

తర్వాత ఆ ఎర్రపొడిని ఏరి తూచాడు. 45 గ్రెయిన్లు. దాన్ని వేరే చిన్న పాత్రలో గట్టిగా కాల్చితే 41.5 గ్రెయిన్ల పాదరసం తిరిగొచ్చింది, దాంతోపాటు 7, 8 ఘనపు అంగుళాల వాయువు వచ్చింది. ముందు గాలిలో తగ్గింది ఎంతో, ఇప్పుడు వచ్చింది దాదాపు అంతే. 45లోంచి 41.5 తీసేస్తే 3.5 గ్రెయిన్లు ఆ వాయువుది. దాంట్లో కొవ్వొత్తి ధగధగా మండింది. అదే ఆక్సిజన్.

నియమం అంటే ఇదీ. పొడి బరువు పెరగడం, తగ్గడం సంగతి తర్వాత. పాల్గొన్న ప్రతిదాన్నీ, కంటికి కనిపించని గాలితో సహా, లెక్కలో చేర్చితే ముందున్న మొత్తమూ తర్వాతి మొత్తమూ సమానం. ఖుర్తుబా హకీంకీ పారిస్ లవోయిజేకీ మధ్య తేడా తెలివిలో లేదు. గాలిని కూడా తరాజులో పెట్టాలన్న ఖయాల్‌లో ఉంది. గాలి ఒకటి కాదు, రకరకాల వాయువులు ఉన్నాయని తెలియడానికి ఆ ఎనిమిది వందల ఏళ్లలో ఎందరో చేసిన పని కావాల్సి వచ్చింది. లవోయిజే శిస్తు వసూలు కంపెనీలో వాటాదారు కావడంతో విప్లవ కాలంలో 1794 మే 8న ఆయన తల తీసేశారు. కానీ తరాజు అప్పటికే కీమియాగరుల చేతికి వచ్చేసింది.

ఉప్పు సరస్సు, అల్మదేన్ గని

ద్రవ్యం మాయం కాదని తేలింది. ఇప్పుడు రెండో సవాల్. రెండు పదార్థాలు కలిసి మూడోది అయ్యేటప్పుడు, అవి ఎంతెంత కలుస్తాయి? మన ఇష్టమేనా? బిర్యానీలో మాంసం, బియ్యం పాళ్లు ఇంటింటికీ మారతాయి. ఏ పాళ్లలో వండినా అది బిర్యానీయే. మరి నీళ్లు కూడా అలాగేనా?

అలాగే అన్నవాడు చిన్నవాడేం కాదు. బెర్తొలే, లవోయిజేతో కలిసి పనిచేసిన మహా విద్వాంసుడు. 1798లో నెపోలియన్ మిస్ర్ మీదికి వెళ్లినప్పుడు వెంట తీసుకెళ్లిన ఆలిముల్లో ఆయనొకడు. అక్కడ వాదీ నత్రూన్ ఉప్పు సరస్సుల ఒడ్డున సోడా గట్టిపడి పేరుకుని ఉండటం చూశాడు. సబ్బుకీ గాజుకీ మిస్ర్ జనం ఎన్నో తరాలుగా వాడుతున్న సోడా అది. కీమియాగరులకి అప్పటిదాకా తెలిసింది దీనికి తలకిందులు. సోడాని కాల్షియం లవణంతో కలిపితే ఉప్పూ సున్నపురాయీ వస్తాయి. ఇక్కడేమో ఉప్పూ సున్నపురాయీ కలిసి సోడా తయారవుతోంది! ఉప్పు అపారంగా ఉంది, సున్నపురాయి అపారంగా ఉంది, తయారైన సోడా పక్కకి తప్పుకుంటోంది. కాబట్టి చర్య ఎటు నడవాలో నిర్ణయించేది పదార్థాల స్వభావం ఒక్కటే కాదు, వాటి పరిమాణం కూడా అని ఆయన గ్రహించాడు. 1799లో ఖాహిరాలోనే ఈ మాట చదివి వినిపించాడు. అక్కడితో ఆగకుండా ఇంకో అడుగు వేశాడు. పరిమాణాన్ని బట్టి చర్య మారుతుంటే, తయారైన పదార్థంలో పాళ్లు కూడా పరిమాణాన్ని బట్టి మారాలి కదా అన్నాడు.

అదే సంవత్సరం స్పెయిన్‌లో పనిచేస్తున్న ఇంకో ఫ్రెంచి మనిషి, జోసెఫ్ ప్రూస్ట్, గనిలో దొరికిన రాగి కార్బొనేట్‌నీ తన ప్రయోగశాలలో చేసినదాన్నీ తూచి చూశాడు. రెండింటిలోనూ పాళ్లు ఒకటే. ఆ తర్వాత లోహం వెంట లోహం పరీక్షించాడు. ఆయన చెప్పిన ఒక మిసాల్ నాకు చాలా నచ్చింది. జపాన్ నుంచి వచ్చిన షంగర్ఫ్, అంటే మన ఇంగిలీకం, స్పెయిన్‌లోని అల్మదేన్ గని షంగర్ఫ్, రెండింటిలోనూ పాదరసం, గంధకం పాళ్లు ఒక్కటే అన్నాడు. అల్మదేన్ అనే పేరు మన అల్ మఅదిన్, అరబ్బీలో గని. మన హకీంలు కీమియాలో రాత్రింబవళ్లు చేతబట్టిన రెండు పదార్థాలూ పాదరసం, గంధకమే. వాటి పాళ్లు ఎప్పుడూ మారవన్న మాట అరబ్బీ పేరున్న గని మిసాల్‌తోనే వచ్చింది.

బహస్ దాదాపు ఎనిమిదేళ్లు సాగింది. బెర్తొలే చూడండి, ఈ ఆక్సైడ్‌లో పాళ్లు మారుతున్నాయి అంటాడు. ప్రూస్ట్ దాన్ని విడదీసి, ఇది ఒక పదార్థం కాదు, రెండు ఆక్సైడ్ల మిశ్రమం, ఒక్కోదాని పాళ్లు ఖచ్చితం అని చూపిస్తాడు. ముర్కకబ్ వేరు, ఆమేజా వేరు, అంటే సంయోగ పదార్థం వేరు, మిశ్రమం వేరు అన్న తేడా ఈ కొట్లాటలోనే తేటపడింది. ఇంత బహస్‌లో ఒకరినొకరు కించపరచుకోలేదు. ఎదుటివాడి విద్వత్తుని ఒప్పుకుంటూనే ఎదుటివాడి ప్రయోగంలో తప్పు పట్టారు. అదబె ఇఖ్తిలాఫ్ గురించి మన ఉలమాలు చెప్పే మాటలు విన్నప్పుడు ఇప్పుడు నాకు ఈ ఇద్దరూ గుర్తొస్తున్నారు. 1808 ప్రాంతానికి చాలామంది ప్రూస్ట్ వైపు వచ్చారు. అదే స్థిరానుపాత నియమం.

నేతగాడి కొడుకు

పాళ్లు ఎందుకు మారవు? ప్రూస్ట్ దగ్గర దీనికి జవాబు లేదు. ఉన్నది ఉన్నట్టు చూపించాడు, కారణం చెప్పలేదు.

కారణం చెప్పిన జాన్ డాల్టన్ 1766లో ఇంగ్లండ్ ఉత్తరాన ఒక పల్లెలో నేతగాడి ఇంట్లో పుట్టాడు. వాళ్లు క్వేకర్లు, అక్కడ ఒక చిన్న మజ్హబీ జమాత్. అధికార చర్చికి చెందని వాళ్లకి ఆ రోజుల్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ డిగ్రీల దారి మూసి ఉండేది. పన్నెండేళ్లకే పల్లె బడిలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. తర్వాత మాంచెస్టర్ చేరి ట్యూషన్లు చెప్పుకుంటూ బతికాడు. పెద్ద కాలేజీ ఆయన్ని రానివ్వకపోతే గాలిని, వానని చదువుకున్నాడు. 1787 నుంచి 1844లో చనిపోయేదాకా, 57 ఏళ్లు, రోజూ వాతావరణం రాసుకున్నాడు.

గాలిలోంచే పరమాణువు దగ్గరికి వచ్చాడు. గాలిలో బరువైన వాయువు కింద, తేలికది పైన పొరలు పొరలుగా ఎందుకు నిలవదు? ఒక వాయువు నీళ్లలో ఎక్కువ కరిగి, ఇంకోటి తక్కువ ఎందుకు కరుగుతుంది? వాటి కణాల బరువు తేడానేమో అనుకున్నాడు. అయితే ఆ బరువులు కనుక్కోవాలి. 1803 సెప్టెంబర్ 6 నాటి నోటుపుస్తకంలో మొదటి పరమాణు భారాల పట్టిక ఉంది. హైడ్రోజన్‌ని 1 అనుకుని మిగతావి దాంతో పోల్చాడు.

మా అమ్మాయికి నేను చెప్పిన మిసాల్ ఇది. వడ్రంగి దగ్గర పది మంచం చట్రాలు, యాభై కోళ్లు ఉన్నాయి. ఎన్ని మంచాలు అవుతాయి? పదే. పది కోళ్లు మిగిలిపోతాయి. కోళ్లు ఎక్కువ ఉన్నాయి కదా అని మంచానికి ఐదు బిగించడు. ఒక చట్రం బరువు, ఒక కోడు బరువు స్థిరం అయితే, మంచంలో చట్రానికీ కోళ్లకీ ఉన్న బరువు పాళ్లు కూడా స్థిరమే. బియ్యంలా పోసేవి అయితే పాళ్లు మారతాయి. లెక్కపెట్టేవి అయితే మారవు. పాళ్లు మారడం లేదంటే లోపల లెక్కపెట్టే వస్తువు ఏదో ఉండాలి. ఆ వస్తువే పరమాణువు.

దీన్నుంచి ఇంకో మాట వస్తుంది. ఒకే రెండు మూలకాలు రెండు రకాల పదార్థాలు తయారుచేస్తే, వాటి మధ్య తేడా పూర్ణ సంఖ్యల్లో ఉండాలి. సగం కోడు అనేది లేదు కదా! కార్బన్, ఆక్సిజన్ తీసుకోండి. బొగ్గుల కుంపటిని మూసిన గదిలో పెడితే ప్రాణం తీసే వాయువులో 3 గ్రాముల కార్బన్‌కి 4 గ్రాముల ఆక్సిజన్. మనం ఊపిరిలో వదిలే వాయువులో అదే 3 గ్రాములకి 8 గ్రాములు. సరిగ్గా రెట్టింపు. ఇదే బహుళ అనుపాత నియమం.

ప్రూస్ట్ ఇది ఎందుకు పట్టుకోలేదు? లెక్క రాసే పద్ధతి వల్ల. ఆయన నూటికి ఎంత అని రాసేవాడు. అలా రాస్తే మొదటి వాయువులో ఆక్సిజన్ నూటికి 57, రెండోదాంట్లో నూటికి 73. ఈ రెండు అంకెల్లో రెట్టింపు ఎవరికి కనిపిస్తుంది? కార్బన్‌ని ఒకచోట కదలకుండా నిలబెట్టి, దానికి ఎంతెంత ఆక్సిజన్ అని అడిగితేనే కనిపిస్తుంది. పరమాణువుని నమ్మినవాడికే అలా అడగాలని తోస్తుంది. 1808లో డాల్టన్ తన కితాబు అచ్చువేశాడు.

నీళ్ల లెక్క

డాల్టన్‌ని కూడా పీర్‌ని చేయకూడదు. ఆయన గలతీలు చిన్నవి కావు. నీటిలో ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ అనుకున్నాడు. ఎందుకంటే రెండు మూలకాలు ఒకే ఒక పదార్థం ఇస్తున్నాయని తెలిసినప్పుడు అన్నిటికన్నా సులువైన జత అనుకుందాం అని ఆయన పెట్టుకున్న ఖాయిదా అది. దానికి దలీల్ లేదు. అప్పటి తూకాలు కూడా సరిగా లేవు కాబట్టి ఆక్సిజన్‌కి మొదట 5.5 అని, 1808లో 7 అని వేశాడు. నిజంగా నీటిలో 1 భాగం హైడ్రోజన్‌కి 8 భాగాల ఆక్సిజన్ ఉంటుంది. ఒకటికి ఒకటి అయితే ఆక్సిజన్ 8, రెండుకి ఒకటి అయితే 16. ఏది నిజం?

జవాబు వచ్చింది బెర్తొలే ఇంటి నుంచే. ఆయన షాగిర్ద్ గే-లుసాక్ వాయువులను బరువుతో కాకుండా ఘనపరిమాణంతో కొలిచి, నీళ్లు తయారవడానికి రెండు పాళ్ల హైడ్రోజన్‌కి ఒక పాలు ఆక్సిజన్ పడుతుందని 1808 చివర్లో ప్రకటించాడు. పూర్ణ సంఖ్యలే! పాళ్లు మారతాయన్న ఉస్తాద్ ఇంట్లోంచి పరమాణువుకి ఇంత గట్టి గవాహీ వచ్చింది. చిత్రమేమంటే డాల్టనే దాన్ని ఒప్పుకోలేదు, కొలతలు తప్పన్నాడు. 1811లో ఇటలీలో అవగాడ్రో, సమాన ఘనపరిమాణాల్లో సమాన సంఖ్యలో అణువులు ఉంటాయి, మూలక వాయువుల అణువులో కూడా ఒకటికన్నా ఎక్కువ పరమాణువులు ఉండొచ్చు అని చిక్కు విప్పాడు. దాదాపు యాభై ఏళ్లు ఎవరూ సరిగా వినలేదు. 1860 సెప్టెంబర్‌లో జర్మనీలోని కార్ల్‌స్రూహెలో కీమియాగరులు సమావేశమైనప్పుడు సిసిలీ మనిషి కన్నిజారో ఆ మాటని మళ్లీ నిలబెట్టాడు. అప్పుడుగానీ నీళ్ల లెక్క తేలలేదు. ఆ సభలో కూర్చున్న యువకుల్లో మెండెలీవ్ ఒకడు. తొమ్మిదేళ్లకి ఆయన ఆవర్తన పట్టిక వచ్చింది.

ఓడిపోయిన బెర్తొలే కూడా పూర్తిగా ఓడలేదు. వాదీ నత్రూన్ ఒడ్డున ఆయన చూసింది నిజమే. పరిమాణం చర్య దిశని మారుస్తుంది. 1864లో నార్వేలో గుల్డ్‌బర్గ్, వాగె దాన్ని నియమంగా రాశారు. పాళ్లు కాస్త అటూ ఇటూ మారే ఘనపదార్థాలు కూడా కొన్ని దొరికాయి. ఇనుము ఆక్సైడ్ ఒకటి అలాంటిదే, దాంట్లో ఇనుము కొంచెం తక్కువే ఉంటుంది. వాటికి బెర్తొలే పేరు మీదే "బెర్తొలైడ్లు" అని పేరు పెట్టారు. ఇల్మ్‌లో ఇన్సాఫ్ ఆలస్యంగానైనా జరుగుతుంది.

జౌహర్

మరి మనకేం మిగిలింది అని అడుగుతారు. చాలానే మిగిలింది. 1917లో హైదరాబాద్‌లో దారుల్ తర్జుమా పెట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో పై చదువులు, సైన్స్‌తో సహా, ఉర్దూలో చెప్పడానికి అక్కడ కితాబులు తర్జుమా చేశారు, ఇస్తిలాహాత్ తయారుచేశారు. ఇవాళ ఉర్దూలో పరమాణువుని జౌహర్ అంటాం, అణుశక్తిని జౌహరీ తవానాయీ అంటాం. అబుల్ హుజైల్, అష్అరీ వాడిన మాటే డాల్టన్ పరమాణువుకి పేరైంది. మాట మనది, దాని లోపలి బరువు కొత్తది. తెలుగులో కూడా ఇంతే జరిగింది. కణాదుడి పరమాణువు అనే పాత మాటలో డాల్టన్ లెక్క కూర్చుంది. మన పిల్లలు బడిలో పరమాణువు అని, ఇంట్లో జౌహర్ అని రెండూ చెప్పగలరు. ఈ దౌలత్ చిన్నది కాదు.

కానీ లేనిదాన్ని ఉందని చెప్పడం ఈ దౌలత్‌ని పెంచదు. మా దాదా కిరాణా కొట్టు నడిపేవారు. తూచే ముందు ప్రతిసారీ ఖాళీ తరాజు ఎత్తి గిరాకీకి చూపించేవారు. ముల్లు మధ్యలో ఉందని వాళ్లు చూశాకే సరుకు పోసేవారు. నేను జల్సాలో ఆ పని చేయలేదు. ముల్లు ముందే మనవైపు వంచి పెట్టి తూచాను.

మా అమ్మాయికి నా జవాబు ఇలా చెప్పాను: "నీ లెక్కే సరైంది బేటీ. హకీం సాబ్ ముందూ వెనకా తూచారు, అది గొప్ప. గాలిని తూచలేదు, అది ఆయన కాలంలో ఎవరికీ తెలియదు. నేను మాత్రం తెలుసుకోగలిగి కూడా తెలుసుకోలేదు." ఆమె కాసేపు ఆలోచించి, "అయితే ఆ బడికి వెళ్లి మళ్లీ చెప్తారా?" అంది.

వెళ్తానన్నాను. ఈ ఏడు సాలానా జల్సాకి పిలవకపోయినా నేనే అడిగి వెళ్తాను. అప్పటి పిల్లలు పై తరగతులకి వెళ్లిపోయి ఉంటారు. కనీసం వాళ్ల తమ్ముళ్లూ చెల్లెళ్లయినా వింటారు. నా పాత రాతని చదివి ఎవరికైనా పంపినవాళ్లు ఉంటే, దయచేసి దీన్నీ పంపండి.

ఖుదా హాఫిజ్.